ఫెస్టివల్ ఆఫర్స్: సాఫ్ట్‌వేర్‌పై 50 శాతం డిస్కౌంట్ సరే.. రెండో ఏడాది బిల్లు ఎంత? మోస్రా దుకాణం నుంచి చూస్తే అసలు లెక్క ఇదీ

దసరా, దీపావళి అంటే బట్టలు, బైకులు, ఫోన్ల ఆఫర్లు గుర్తొస్తాయి. కొన్నేళ్లుగా వాటి పక్కన ఇంకో రకం ఆఫర్ కూడా ఫోన్లలోకి వచ్చి పడుతోంది. బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ సగం ధరకే, పెళ్లి ఆల్బమ్ డిజైన్ చేసే ప్యాక్ డెబ్బై శాతం తక్కువకే, స్టాక్ లెక్కలు చూసే యాప్ ఏడాదికి ఇంతే.. పైగా "ఈ రాత్రి 12 గంటల వరకే" అంటూ పక్కన గడియారం తిరుగుతూ ఉంటుంది. నవంబర్ చివర్లో బ్లాక్ ఫ్రైడే, డిసెంబర్‌లో క్రిస్మస్, ఆ వెంటనే న్యూ ఇయర్, సంక్రాంతి. సీజన్ ఒకటి అయిపోయేలోపు ఇంకోటి మొదలవుతుంది.

వీటిలో పెద్ద కంపెనీల వాటా కొంతే. ఒక్కరో, నలుగురైదుగురో కలిసి తయారుచేసి అమ్ముకునే స్వతంత్ర డెవలపర్ల సాఫ్ట్‌వేర్ ఇప్పుడు చిన్న ఊళ్లకు కూడా చేరుతోంది. మరి ఈ తగ్గింపు ఎవరి జేబులోంచి వస్తోంది? కొన్నవాళ్లకు నిజంగా మిగిలేది ఎంత? హైదరాబాద్‌లో కూర్చుని చూస్తే ఒకలా ఉండే ఈ లెక్క, నిజామాబాద్ జిల్లా మోస్రాలో కౌంటర్ వెనక నుంచి చూస్తే ఇంకోలా కనిపిస్తుంది.

మోస్రాలో సాఫ్ట్‌వేర్‌తో పనేంటి?

వర్ని మండలం నుంచి విడిపోయి కొత్త మండల కేంద్రమైన ఊరు మోస్రా. చుట్టూ నిజాంసాగర్ ఆయకట్టు, వరి పొలాలు, క్యాంపులు. అటు బోధన్, ఇటు నిజామాబాద్. ఇక్కడి వ్యాపారం అంతా పంట చుట్టూనే తిరుగుతుంది. ఎరువులు, పురుగు మందులు, విత్తనాలు ఉద్దెరకు ఇస్తారు. వడ్లు అమ్మిన డబ్బు చేతికొచ్చాక రైతు బాకీ కడతాడు. అంటే దుకాణదారుడికి అసలు ఆస్తి గోదాంలో ఉన్న బస్తాలు ఒక్కటే కాదు. ఎవరు ఎంత ఇవ్వాలి అన్న లెక్క కూడా ఆస్తే.

ఒకప్పుడు ఆ లెక్క ఎర్ర అట్ట ఖాతా బుక్కులో ఉండేది. 2017 జూలై 1న జీఎస్టీ వచ్చాక రిజిస్టర్ చేసుకున్న దుకాణాలకు బుక్కు ఒక్కటే సరిపోవడం లేదు. బిల్లులు, రిటర్నులు, కొన్న సరుకు మీద ట్యాక్స్ లెక్క.. అన్నీ ఆన్‌లైన్. దాంతో కంప్యూటర్ లేకపోయినా ఫోన్‌లో ఒక బిల్లింగ్ యాప్ వేసుకునే పరిస్థితి వచ్చింది. మెడికల్ షాపు, కిరాణం, హార్డ్‌వేర్, ఫొటో స్టూడియో.. ఎవరికి తగ్గ సాఫ్ట్‌వేర్ వాళ్లకు ఉంది.

పండగ డిస్కౌంట్ వచ్చి తగిలేది సరిగ్గా ఇక్కడే. బట్టల మీద సగం తగ్గింపు అంటే కథ ఆ రోజుతో అయిపోతుంది. చొక్కా కొన్నవాడు వచ్చే దసరాకు ఆ చొక్కాకే మళ్లీ డబ్బు కట్టక్కర్లేదు. సాఫ్ట్‌వేర్ అలా కాదు. ఇప్పుడు అమ్ముతున్నవాటిలో చాలా వరకు ఏడాది అద్దెకే. మొదటి ఏడాది తగ్గించిన ధర, రెండో ఏడాది నుంచి అసలు ధర. ఆఫర్ పోస్టర్ మీద మొదటిది పెద్ద అక్షరాల్లో, రెండోది కింద సన్న అక్షరాల్లో ఉంటుంది. కొన్నిచోట్ల అదీ ఉండదు.

50 శాతం.. 8 శాతం ఎలా అవుతుంది?

ఒక ఎరువుల దుకాణం బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ కొన్నదనుకోండి. ఏడాదికి అసలు ధర రూ. 6,000. దీపావళి ఆఫర్‌లో రూ. 3,000. వింటే సగానికి సగం మిగిలినట్టే. మూడేళ్లు వాడితే మాత్రం మొదటి ఏడాది 3,000, తర్వాత రెండేళ్లు 6,000 చొప్పున మొత్తం 15,000 అవుతుంది. అసలు ధరకే కొనుంటే 18,000 అయ్యేది. మిగిలింది 3,000, అంటే 17 శాతం కూడా లేదు. ఆరేళ్లకు లెక్కేస్తే మిగులు అదే 3,000, ఖర్చు కావాల్సింది 36,000. తగ్గింపు ఎనిమిది శాతం చిల్లర. దీని మీద 18 శాతం జీఎస్టీ ఎలాగూ ఉంటుంది.

ఆరేళ్లు ఎందుకు లెక్కేయాలి అంటారా? దానికి చట్టంలోనే కారణం ఉంది. జీఎస్టీ చట్టం సెక్షన్ 36 ప్రకారం రిజిస్టర్డ్ వ్యాపారి తన లెక్కల పుస్తకాలను, రికార్డులను ఆ ఏడాది వార్షిక రిటర్న్ గడువు తేదీ నుంచి 72 నెలల పాటు భద్రంగా ఉంచాలి. 2025-26 ఆర్థిక సంవత్సరానికి వార్షిక రిటర్న్ గడువు 2026 డిసెంబర్ 31. అక్కడి నుంచి 72 నెలలంటే 2032 డిసెంబర్ 31 దాకా. అధికారులు అడిగితే ఆ రోజు వరకు బిల్లులు చూపించాల్సిందే. ఏదైనా కేసో అప్పీలో నడుస్తుంటే ఇంకా ఎక్కువ కాలం ఉంచాల్సి రావచ్చు.

డిస్కౌంట్ ఏడాదికి. రికార్డుల బాధ్యత ఆరేళ్లకు పైనే. ఈ రెండింటి మధ్య ఉన్న ఖాళీని ఏ ఆఫర్ పోస్టరూ చూపించదు. సబ్‌స్క్రిప్షన్ అయిపోయాక పాత బిల్లులు తెరుచుకుంటాయా, కనీసం చూసే వీలైనా ఉంటుందా, ఎక్సెల్‌లోకి దించుకోవచ్చా.. ధర కంటే ముందు అడగాల్సినవి ఇవి. కొన్ని సాఫ్ట్‌వేర్లు గడువు ముగిసినా పాత లెక్కలు చూడనిస్తాయి, కొత్త బిల్లు మాత్రం వేయనివ్వవు. కొన్ని మొత్తంగా తాళం వేస్తాయి. తాళం పడితే జీఎస్టీ రికార్డులతో పాటు ఉద్దెర బాకీల లిస్టు కూడా లోపలే ఉండిపోతుంది. రెండో దాని విలువ సాఫ్ట్‌వేర్ ధరకు ఎన్నో రెట్లు.

దీపావళికి కొంటే వచ్చే తిప్పలు

ఇంకో చిక్కు ఉంది. పెద్దగా ఎవరూ మాట్లాడరు గానీ ఈ ప్రాంతంలో అదే అసలైనది. వ్యాపారుల లెక్కల ఏడాది ఏప్రిల్ 1న మొదలై మార్చి 31న ముగుస్తుంది. దీపావళికి కొన్న సాఫ్ట్‌వేర్ గడువు మళ్లీ వచ్చే దీపావళికే ముగుస్తుంది. అంటే లెక్కల ఏడాది మధ్యలో. మోస్రా, వర్ని, బోధన్ వైపు అక్టోబర్, నవంబర్ అంటే వానాకాలం వడ్లు కోతకొచ్చి, కొనుగోలు కేంద్రాలకు చేరే సమయం. రైతు చేతికి డబ్బు వస్తుంది, దుకాణంలో బాకీలు వసూలవుతాయి, ఆ వెంటనే యాసంగికి మళ్లీ ఎరువుల అమ్మకాలు. ఏడాదిలో లెక్క తప్పకూడని రోజులు ఏవైనా ఉన్నాయంటే అవే.

అలాంటి టైమ్‌లో రెన్యువల్ మెసేజ్ వస్తే సేటు ఏం చేస్తాడు? వేరే సాఫ్ట్‌వేర్‌కు మారదామని కూర్చుంటాడా? అడిగినంతా కట్టేస్తాడు. సగం ధరకు అమ్మినవాడికి ఆ సంగతి తెలిసే అమ్మాడని అందరి గురించీ చెప్పలేం. పండగ కాబట్టి పండగకు ఆఫర్ పెట్టి ఉండొచ్చు. ఫలితం మాత్రం ఒక్కటే. బేరం ఆడే అవకాశం తక్కువగా ఉండే వారంలో బిల్లు వచ్చి పడుతుంది.

దీనికి తోడు ఆటో పే. ఆఫర్‌లో కొనేటప్పుడే యూపీఐ ఆటోపే లేదా కార్డు మాండేట్‌కు ఒప్పుకోమని అడుగుతారు. రిజర్వ్ బ్యాంక్ నిబంధనలు ఇక్కడ కొంత రక్షణ ఇస్తున్నాయి. 2021 అక్టోబర్ 1 నుంచి ఇలాంటి పదేపదే కోత పడే చెల్లింపులకు కనీసం 24 గంటల ముందు కస్టమర్‌కు సమాచారం ఇవ్వాలి. 2022లో ఓటీపీ లేకుండా పోయే మొత్తం పరిమితిని రూ. 5,000 నుంచి రూ. 15,000కు పెంచారు. చిన్న దుకాణాలు కొనే సాఫ్ట్‌వేర్లు దాదాపు అన్నీ ఆ పరిమితి లోపే వస్తాయి. కాబట్టి ఓటీపీ రాదు, మెసేజ్ మాత్రమే వస్తుంది. గిరాకీ మీదున్న రోజు వందల మెసేజ్‌ల మధ్య అది కనిపించాలి. యూపీఐ యాప్‌లో ఆటోపే లేదా మాండేట్ విభాగంలోకి వెళ్లి రద్దు చేసుకునే వీలుంది. కొన్న రోజే ఆ పని చేసి, గడువు దగ్గరకొచ్చాక ఇష్టమైతే చేత్తో కట్టుకోవడం చాలామందికి మేలు.

సగం అంటే.. దేంట్లో సగం?

సబ్బు ప్యాకెట్ మీద ఎంఆర్‌పీ ఉంటుంది. డౌన్‌లోడ్ చేసుకునే సాఫ్ట్‌వేర్‌కు ఎంఆర్‌పీ ఉండదు. అమ్మేవాడు పక్కన కొట్టేసి చూపించిన అంకెనే అసలు ధర అనుకోవాలి. నిన్నటిదాకా 3,000కే అమ్మి, పండగ రోజు 6,000 రాసి కొట్టేసి మళ్లీ 3,000 అంటే? కొనేవాడికి తెలిసే దారి లేదు.

యూరోపియన్ యూనియన్‌లో దీనికి ఒక నియమం ఉంది. 2022 మే 28 నుంచి తగ్గింపు ప్రకటించేవాళ్లు అంతకుముందు కనీసం 30 రోజుల్లో ఉన్న అతి తక్కువ ధరను పాత ధరగా చూపించాలి. కంప్యూటర్ గేమ్స్ అమ్మే స్టీమ్ కూడా తన వరకు ఇలాంటి కట్టుబాట్లు పెట్టుకుంది. ధర పెంచిన వెంటనే డిస్కౌంట్ పెట్టనివ్వదు, ఒక డిస్కౌంట్‌కు ఇంకో డిస్కౌంట్‌కు మధ్య విరామం ఉండాలంటుంది. ఒక గేమ్ ధర గతంలో ఎంత ఉందో, ఏ నెలలో ఎంతకు దిగిందో చెప్పే సైట్లు కూడా ఉన్నాయి. అందుకే గేమ్స్ కొనే కుర్రాళ్లకు ఈ విషయంలో ఉన్న తెలివి, బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ కొనే పెద్దవాళ్లకు ఉండదంటే నవ్వుకోవాల్సిన పనేం లేదు. వాళ్లకు సమాచారం ఉంది, వీళ్లకు లేదు.

మన దగ్గర ఆయుధం వేరే రూపంలో ఉంది. 2023 నవంబర్ 30న కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ 'డార్క్ ప్యాటర్న్స్' మీద మార్గదర్శకాలు తెచ్చింది. ఆన్‌లైన్‌లో కొనేవాళ్లను తికమక పెట్టి డబ్బు గుంజే 13 రకాల పద్ధతులను అందులో పేర్కొన్నారు. లేని తొందర సృష్టించడం, అంటే ఆ తిరిగే గడియారం లాంటివి, ఒకటి. సబ్‌స్క్రిప్షన్‌లోకి రావడం తేలిక చేసి బయటకు పోవడం కష్టం చేసే ఉచ్చు ఇంకొకటి. మొదట ఒక ధర చూపించి చివర్లో మరికొన్ని చార్జీలు కలపడం మూడోది. వీటితో పాటు సాఫ్ట్‌వేర్ సేవల బిల్లింగ్‌లో మోసపూరితంగా పదేపదే డబ్బు వసూలు చేయడాన్ని ప్రత్యేకంగా ఒక రకంగా చేర్చారు. సాఫ్ట్‌వేర్ బిల్లుల గొడవ ప్రభుత్వం కంట్లో పడిందనడానికి ఇదే రుజువు. ఫిర్యాదుకు జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 ఉంది. అయితే ఒక మెలిక. వినియోగదారుల రక్షణ చట్టంలో వ్యాపార అవసరానికి కొన్నవాళ్లను 'వినియోగదారుడు'గా చూడరు. సొంతంగా బతుకుదెరువు కోసం నడుపుకునేవాళ్లకు మాత్రం మినహాయింపు ఉంది. సొంతంగా కూర్చుని దుకాణం నడుపుకునే చిన్న వ్యాపారి ఆ మినహాయింపు కింద తన వాదన వినిపించుకోవచ్చు.

మరి డెవలపర్ సంగతేంటి?

ఇంతవరకు చూస్తే అమ్మేవాడే దోషి అనిపిస్తుంది. అవతలి వైపు లెక్క కూడా చూడాలి. ఎందుకంటే అక్కడ ఉన్నది చాలాసార్లు ఒక చిన్న గదిలో ఇద్దరు ముగ్గురు కుర్రాళ్లు.

జీఎస్టీతో కలిపి రూ. 1,180కి ఒక యాప్ అమ్ముతున్నారనుకోండి. అందులో 180 పన్ను. మిగిలిన 1,000లో యాప్ స్టోర్ కమీషన్ 15 శాతం అనుకుంటే 150 పోతుంది. డెవలపర్‌కు స్థూలంగా 850. ఇప్పుడు పండగకు 70 శాతం తగ్గించారు. పన్ను కాక ధర 300. స్టోర్‌కు 45, డెవలపర్‌కు 255. పాత ధరకు వంద మందికి అమ్మితే వచ్చే 85,000 మళ్లీ రావాలంటే ఇప్పుడు 330 మందికి పైగా కొనాలి. స్టోర్ శాతం తగ్గలేదు, ప్రభుత్వ శాతం తగ్గలేదు. తగ్గింపు నిర్ణయం కూడా, నష్టంలో పెద్ద భాగం కూడా డెవలపర్‌దే.

సాఫ్ట్‌వేర్‌కు ఇంకో కాపీ అమ్మితే ఖర్చేముంది, ఎంతకిచ్చినా లాభమే కదా అనే మాట తరచూ వినిపిస్తుంది. సగం నిజం. కాపీకి ఖర్చు లేదు, కొన్నవాడి ఫోన్ కాల్‌కు ఖర్చు ఉంది. "బిల్లు ప్రింట్ రావట్లేదన్నా", "హెచ్ఎస్ఎన్ కోడ్ ఎక్కడ పెట్టాలి", "తెలుగులో పేరు రాస్తే డబ్బాలు వస్తున్నయి".. ఇలాంటివి వంద మందికి చెప్పడానికి ఒక మనిషి చాలు. 330 మందికి చాలడు. ఆదాయం అంతే, పని మూడింతలు. పైగా జీఎస్టీ రేట్లు మారినప్పుడల్లా సాఫ్ట్‌వేర్ మార్చాలి. 2025 సెప్టెంబర్ 22న శ్లాబులు మారినప్పుడు దేశమంతా బిల్లింగ్ సాఫ్ట్‌వేర్లను రాత్రికి రాత్రి సరిచేయాల్సి వచ్చింది. అదీ సరిగ్గా దేవీ నవరాత్రులు మొదలైన రోజు. ఆ పనికి పండగ డిస్కౌంట్‌లో వచ్చిన 255 రూపాయలే దిక్కు.

కమీషన్ల మీద పోరాటం వేరే కథ. ఆపిల్ 2021 జనవరి నుంచి, గూగుల్ అదే ఏడాది జూలై నుంచి చిన్న డెవలపర్లకు 30 శాతాన్ని 15కు తగ్గించాయి. ప్లే స్టోర్ బిల్లింగ్ విధానంపై 2022 అక్టోబర్‌లో కాంపిటీషన్ కమిషన్ గూగుల్‌కు రూ. 936.44 కోట్ల జరిమానా వేసింది. 2025లో అప్పీలేట్ ట్రైబ్యునల్ దాన్ని రూ. 216.69 కోట్లకు తగ్గించింది. సొంత వెబ్‌సైట్‌లో నేరుగా అమ్ముకుంటే పేమెంట్ గేట్‌వేకు పోయేది చాలా తక్కువ. అందుకే డెవలపర్ సైట్‌లో ధర కాస్త తక్కువ కనిపించే సందర్భాలున్నాయి. స్టోర్‌లో కొనేముందు అక్కడ కూడా ఓసారి చూడటం మంచిది.

గేమ్స్‌లో అయితే డిస్కౌంట్ దాదాపు తప్పనిసరి. హైదరాబాద్‌కు చెందిన ఓగ్రె హెడ్ స్టూడియో 2017లో 'అసుర' అనే గేమ్ తెచ్చింది. మన పురాణాల ఛాయలున్న ఆ చిన్న గేమ్ స్టీమ్‌లో ప్రపంచమంతా అందుబాటులోకి వచ్చింది. అలాంటి గేమ్ వేల కొద్దీ గేమ్స్ మధ్య కనపడాలంటే సేల్ ఒక్కటే దారి. కొందామని విష్‌లిస్ట్‌లో పెట్టుకున్నవాళ్లకు కనీసం 20 శాతం తగ్గిస్తేనే స్టీమ్ నుంచి మెయిల్ వెళ్తుంది. మొదటి కోటి డాలర్ల అమ్మకాల వరకు స్టీమ్ కమీషన్ 30 శాతం. అంటే కనపడటానికి కూడా ధర తగ్గించాలి, తగ్గించిన దాంట్లోనూ మూడో వంతుకు దగ్గరగా వదులుకోవాలి. గేమ్‌కు రెన్యువల్ లేదు కాబట్టి కొనేవాడికి మాత్రం అది నిఖార్సైన తగ్గింపే. ఎరువుల దుకాణం సాఫ్ట్‌వేర్‌కూ గేమ్‌కూ తేడా ఇదే.

'లైఫ్‌టైమ్' ఆఫర్.. ఎవరి లైఫ్?

రెన్యువల్ గొడవే వద్దని కొందరు ఒక్కసారి కడితే జీవితాంతం అనే ఆఫర్ల వైపు చూస్తున్నారు. బ్లాక్ ఫ్రైడే రోజుల్లో ఇవి ఎక్కువ. జీవితాంతం అంటే కొన్నవాడి జీవితం అనుకుంటే పొరపాటు. ఆ కంపెనీ బతికున్నంత కాలం, ఆ సేవ నడిచినంత కాలం. వీపీఎన్‌సెక్యూర్ అనే సంస్థ కొత్త యజమానుల చేతికి వెళ్లాక 2025లో పాత లైఫ్‌టైమ్ ఖాతాలను రద్దు చేసింది. జీవితకాల ఒప్పందాల సంగతి తమకు తెలియదని వాళ్లు చెప్పుకున్నారు. కంప్యూటర్‌లో ఇన్‌స్టాల్ అయి ఇంటర్నెట్ లేకున్నా నడిచే సాఫ్ట్‌వేర్ అయితే కంపెనీ మూతపడినా కొన్నాళ్లు పనిచేస్తుంది. క్లౌడ్‌లో ఉంటే సర్వర్ ఆగిన రోజే ఆట ముగుస్తుంది. లైఫ్‌టైమ్ ఇస్తున్న చిన్న డెవలపర్‌కు వచ్చే ఏడాది ఆదాయం ఎక్కడినుంచి వస్తుందో ఆయన చెప్పలేకపోతే, ఆ ఆఫర్ ఎంత చౌకైతే అంత అనుమానించాలి.

ఉచితం, క్రాక్.. వీటి మధ్య నలిగే ధర

తెలుగువాళ్లకు మంచి సాఫ్ట్‌వేర్ ఉచితంగా దొరకడం కొత్తేం కాదు. తెలుగు టైపింగ్‌కు వీవెన్ తెచ్చిన లేఖిని, తిరుమల కృష్ణ దేశికాచార్యులు ఇచ్చిన పోతన, వేమన ఫాంట్లు.. ఇవన్నీ పైసా అడగకుండా ఇచ్చినవి. వాటివల్లే ఎంతోమంది తెలుగులో రాయడం మొదలుపెట్టారు. ఇంకోవైపు పట్నం నుంచి పల్లె దాకా ఫొటో ఎడిటింగ్, డీటీపీ సాఫ్ట్‌వేర్‌ను క్రాక్ చేసి వాడుకోవడం బహిరంగ రహస్యం. సాఫ్ట్‌వేర్ కంపెనీల సంఘం బీఎస్ఏ 2018లో ఇచ్చిన నివేదిక ప్రకారం 2017లో దేశంలో ఇన్‌స్టాల్ అయిన సాఫ్ట్‌వేర్‌లో 56 శాతం లైసెన్స్ లేనిదే. ఆ లెక్క కంపెనీల సంఘం వేసుకున్నది కాబట్టి కాస్త అటూఇటూ అనుకున్నా, పరిస్థితి అర్థమవుతుంది.

ఈ రెండింటి మధ్య చిన్న డెవలపర్ తన ధర చెప్పుకోవాలి. ఒకపక్క ఉచితం, ఒకపక్క దొంగ కాపీ. పండగ డిస్కౌంట్ ఆయనకు కొత్తవాళ్లను లోపలికి పిలిచే తలుపు. ఆ తలుపు మూసేయమనడం న్యాయం కాదు. లోపలికి వచ్చినవాళ్లకు రెండో ఏడాది ధర ముందే చెప్పమనడం న్యాయమే.

ఇది బోధన్ ప్రాంతానికి ఊరికే పోయే మాట కాదు. శక్కర్‌నగర్‌లో నిజాం షుగర్స్ 2015 డిసెంబర్‌లో లేఆఫ్ ప్రకటించి మూతపడ్డాక చెరకు పండించినవాళ్లు వరికి మారారు, ఫ్యాక్టరీ ఉద్యోగాలు పోయాయి. 2023 ఆగస్టులో నిజామాబాద్‌లో ఐటీ హబ్ తెరిచారు. అక్కడ కూర్చునే కుర్రాళ్లు అమెరికా కంపెనీలకు పనిచేయడం ఒక దారి. పసుపు అడ్తి లెక్కలు, రైస్ మిల్లు గేటు పాసులు, ఉద్దెర ఖాతాలు చూసే తెలుగు సాఫ్ట్‌వేర్ తయారుచేసి చుట్టుపక్కల మండలాలకు అమ్మడం ఇంకో దారి. రెండో దారి నిలవాలంటే మోస్రా దుకాణదారుడు ఏటా పూర్తి ధర ఇవ్వడానికి ఒప్పుకోవాలి. ఆయన ఒప్పుకోవాలంటే మొదటి పండక్కి మోసపోయానన్న భావన ఉండకూడదు.

కొనేముందు బిల్లు అడగండి

బిల్లు విషయంలో కూడా కొంత జాగ్రత్త ఉంది. సేవలు అమ్మే వ్యక్తి ఏడాది టర్నోవర్ రూ. 20 లక్షల లోపు ఉంటే తెలంగాణలో జీఎస్టీ రిజిస్ట్రేషన్ సాధారణంగా తప్పనిసరి కాదు. రిజిస్ట్రేషన్ లేనివాళ్లు జీఎస్టీ వసూలు చేయకూడదు. కాబట్టి 18 శాతం కలిపి తీసుకుంటే బిల్లు మీద జీఎస్టీ నంబర్ ఉండాల్సిందే. రెగ్యులర్ రిజిస్ట్రేషన్ ఉన్న దుకాణానికి ఆ నంబర్‌తో, తన నంబర్ కూడా రాయించుకున్న బిల్లు ఉంటే ఆ 18 శాతం ఇన్‌పుట్ క్రెడిట్‌గా వెనక్కి వస్తుంది. 6,000 మీద అది 1,080 రూపాయలు. కాంపోజిషన్ స్కీమ్‌లో ఉన్నవాళ్లకు ఆ వీలు లేదు. వాట్సాప్‌లో స్క్రీన్‌షాట్ పంపి ఫోన్‌పే చేయించుకునే ఆఫర్లలో ఈ బిల్లు రాదు. ఆ మేరకు పండగ తగ్గింపులో కొంత అక్కడే కరిగిపోతుంది.

ఇక డేటా. కొన్న మొదటి వారంలోనే పది బిల్లులు వేసి, వాటిని ఎక్సెల్‌లోకి దించి, వేరే కంప్యూటర్‌లో తెరిచి చూడాలి. తెరుచుకోకపోతే, ఫోన్ చేసినా ఎవరూ ఎత్తకపోతే, డబ్బు వాపస్ గడువు ఉన్నప్పుడే తేల్చుకోవచ్చు. ప్రతి మార్చి క్లోజింగ్‌కు ఆ ఏడాది బిల్లులు, బాకీల లిస్టు పెన్‌డ్రైవ్‌లో వేసి, ఒక ప్రింట్ తీసి గుమస్తా దగ్గరో, ట్యాక్స్ కన్సల్టెంట్ దగ్గరో ఉంచితే సాఫ్ట్‌వేర్ ఉన్నా పోయినా 72 నెలల బాధ్యత గురించి భయం ఉండదు.

డెవలపర్లు తలుచుకుంటే ధర తగ్గించకుండానే పండగ ఆఫర్ ఇవ్వొచ్చు. దీపావళికి కొన్నవాళ్లకు పన్నెండు నెలలు కాకుండా పదిహేడు నెలలు ఇచ్చి, గడువు తర్వాతి ఏడాది మార్చి 31న ముగిసేలా పెడితే చాలు. అమ్మేవాడికి మొదటి ఏడాది పూర్తి ధర వస్తుంది, కొన్నవాడికి అయిదు నెలలు ఉచితం. రెన్యువల్ బిల్లు వడ్లు కల్లాల్లో ఉన్న వారంలో కాకుండా, పాత లెక్కలు మూసి కొత్త లెక్కలు తెరిచే రోజున వస్తుంది. వేరే సాఫ్ట్‌వేర్‌కు మారాలనుకున్నా ఆ రోజే మారొచ్చు.